కాంట్రాక్టరు ప్లాను ఉచితమంటున్నారు, ఇక ఆర్కిటెక్టు ఎందుకు? (మధురవాడ, 267 గజాలు)

కొమ్మాది కోడలు

అందరికీ నమస్కారం. విశాఖలో మధురవాడ దాటాక ఒక లేఅవుట్‌లో మాకు 267 గజాల స్థలం ఉంది. 40×60, పడమర రోడ్డు. చూడటానికి చదునుగానే కనిపిస్తుంది గానీ రోడ్డు నుంచి వెనక సరిహద్దుకు వెళ్ళేసరికి ఐదు అడుగులు పల్లం. కింద మేమూ, అత్తగారూ, మామగారూ ఉంటాం. పైభాగం ఇప్పటికి అద్దెకు, తర్వాత మా అబ్బాయికి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు.

మాకు తెలిసిన కాంట్రాక్టరు ఒకరు మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకు ఇంత అని రేటు చెప్పి, ప్లాను తామే ఉచితంగా గీయిస్తామన్నారు. మర్నాడే వాట్సాప్‌లో పంపేశారు. దాని వెంట రంగురంగుల ఎలివేషను బొమ్మ. బొమ్మ బాగుంది, కాదనను. మా వారు ఇప్పటికే దాన్ని బంధువులందరికీ పంపేశారు. నాకే ఒక సంగతి అంతుపట్టలేదు. ఆ ఐదు అడుగుల పల్లం ప్లానులో ఎక్కడా లేదు. అడిగితే "గ్రావెల్ తోలించి రోడ్డు మట్టానికి లేపేద్దాం అమ్మా" అన్నారు.

మా తోడికోడలు ఆర్కిటెక్టును పెట్టుకోమంటోంది. ఆ ఫీజు డబ్బుతో హాలంతా మంచి టైల్స్ వేయించుకోవచ్చని మా వారి వాదన. ఇల్లు కట్టించినవాళ్ళు చెప్పండి, ఆ ఫీజుకు మనకు వచ్చేది ఏమిటి?

ఎర్రమట్టి

పల్లం ప్లానులో లేదంటే అది మీ స్థలానికి గీసిన ప్లాను కాదు. ఇంకెవరి 40×60కో గీసింది మీకు పంపారు.

గ్రావెల్ లెక్క చూడండి. ఐదు అడుగుల పల్లానికి సగటు లోతు రెండున్నర. 40×60 స్థలానికి 6,000 ఘనపుటడుగులు. రోడ్డు మీద బేస్‌మెంట్ ఎత్తు కలిపితే ఇంకా పెరుగుతుంది. పోనీ తోలించారే అనుకోండి. ఆ మట్టిని ఆపడానికి వెనక మామూలు ప్రహరీ చాలదు, రిటైనింగ్ వాల్ కట్టాలి. వానకు నానిన మట్టి బరువంతా ఆ గోడ మీదే పడుతుంది. నీరు బయటికి పోవడానికి గోడలో రంధ్రాలు వదలాలి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ కట్టి వెనక మట్టి దట్టించేస్తే రెండు మూడు వర్షాకాలాలకు అది పక్కింటివైపు ఒరుగుతుంది. కొండవాలు లేఅవుట్లలో తిరిగి చూడండి, కడుపు ఉబ్బిన ప్రహరీలు ఎన్నయినా కనిపిస్తాయి.

ఇంకోటి. కొండవాలులో లేఅవుట్ వేసేటప్పుడు ఎగువన తవ్విన మట్టిని దిగువన పోసి చదును చేయడం మామూలే. మీ స్థలంలో రోడ్డు వైపు గట్టి నేల, అంటే మన దగ్గర దొరికే మెత్తబడిన ఖొండలైట్ రాయి, తొందరగానే తగలవచ్చు. వెనక వైపు పోసిన మట్టే ఉండవచ్చు. ముందు కాలమ్‌లు రాయి మీద, వెనక కాలమ్‌లు వదులు మట్టి మీద నిలిస్తే ఇల్లు ఒకవైపే కుంగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు వస్తాయి, ఎన్ని రంగులు వేసినా పోవు. కాబట్టి ముందు, వెనక రెండు చోట్లా బోరు వేసి సాయిల్ టెస్ట్ చేయించండి. ఫీజు సంగతి నాకు అనవసరం. ఈ పరీక్ష మాత్రం ప్లాను కంటే ముందే జరగాలి.

రెండంతస్తుల మనిషి

నాది వేరే మాట. గోపాలపట్నంలో 150 గజాలు, మేస్త్రి చెప్పిన ప్లానే, రెండు అంతస్తులు. హుద్‌హుద్ తుపానుకు కూడా గోడ కదలలేదు. ఆర్కిటెక్టును పెట్టుకున్న మా బంధువు ఇంట్లో హాలు మధ్యలో రెండంతస్తుల ఎత్తు ఖాళీ వదిలారు. చూసినవాళ్ళంతా ఆహా అంటారు. అక్కడ ఫ్యాను తుడవాలంటే మాత్రం అద్దెకు నిచ్చెన తెచ్చుకోవాలి. మీ డబ్బు ఇనుములో, సిమెంటులో పెట్టండి, కాగితాల్లో వద్దు.

గీతల పని

నా వృత్తే ఇది కాబట్టి నా మాటను ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

నలుగురు వేర్వేరు మనుషులను ఇక్కడ ఒకే గాట కట్టేస్తున్నాం. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారు మాత్రమే ఆర్కిటెక్టు అని చెప్పుకోవాలి. నమోదు సంఖ్య సీఏ అన్న అక్షరాలతో మొదలవుతుంది. అడగడానికి మొహమాటపడకండి. పునాది ఎంత లోతు, ఏ కాలమ్‌లో ఎన్ని కడ్డీలు అన్నది తేల్చేది స్ట్రక్చరల్ ఇంజినీరు. నగర పాలక సంస్థకు ప్లాను దాఖలు చేసే లైసెన్సు ఉన్నది ఎల్‌టీపీకి, అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్‌కు. ఇంటీరియర్ డిజైనర్ పని ఎక్కువగా గోడలు లేచాక. కాంట్రాక్టరు మీకు ఉచితంగా ఇస్తానన్నది చాలాసార్లు అనుమతికి సరిపడే ప్లాను మాత్రమే. దాన్ని పట్టుకుని ఇల్లు కట్టలేం.

కట్టడానికి కావలసినవి వర్కింగ్ డ్రాయింగులు. వంటగట్టు ఎత్తు ఎంత, మెట్ల మలుపులో బీము తలకు తగలకుండా ఎంత వదలాలి, బాత్రూము నేల ఎంత దిగాలి, ఏసీ నీరు ఎటు పోవాలి, గీజరు ఏ గోడకు, చిమ్నీ గొట్టం ఏ బీమునూ తొలవకుండా ఎక్కడ బయటికి రావాలి. ఇవన్నీ కాగితం మీద తేలకపోతే సైటులో తేలతాయి. తేల్చేది ఆ పూట పనికి వచ్చిన సెంట్రింగ్ మనిషి.

కోడలు గారూ, మొదటిసారి మాట్లాడటానికి వెళ్ళేటప్పుడు ఫోనులో దాచుకున్న ఎలివేషను బొమ్మలు పక్కన పెట్టండి. ఇంట్లో సామాను కొలతలు రాసి తీసుకెళ్ళండి. అత్తగారి మంచం, ఇనప బీరువా తలుపు పూర్తిగా తెరిస్తే పట్టే చోటు, ఫ్రిజ్, బియ్యం డ్రమ్ము, ఊరగాయ జాడీలు. పండక్కి ఎంతమంది దిగుతారు, పొద్దున్న బాత్రూము కోసం ఎవరు ఎవరితో పోట్లాడతారు, వర్షాకాలంలో బట్టలు ఎక్కడ ఆరేస్తారు అన్నవి కూడా. 10×11 గది కాగితం మీద పెద్దదే. బీరువా తలుపు మంచానికి తగిలినప్పుడు గాని దాని అసలు కొలత తెలియదు.

రెండంతస్తుల మనిషి గారూ, ఆ ఫ్యాను సంగతిలో నేను మీ పక్షమే.

కొమ్మాది కోడలు

చాలా చాలా ధన్యవాదాలు. సాయిల్ టెస్ట్ మాట చెబితే మా వారు ఒప్పుకున్నారు. ఆర్కిటెక్టు మాట ఇంకా తేలలేదు.

అసలు చిక్కు మామగారి దగ్గర ఉంది. వాస్తు విషయంలో ఆయన అంగుళం కదలరు. వంటిల్లు ఆగ్నేయం, మా పెద్దవాళ్ళ గది నైరుతి, దేవుడు ఈశాన్యం. ఈ మూడింటి మీద చర్చ లేదన్నారు. ఆర్కిటెక్టులకు ఇవన్నీ చిరాకట కదా?

ఉప్పుగాలి

వాస్తుకు నేను వ్యతిరేకిని కాను, కానీ ఆగ్నేయం వంటిల్లు గురించి విశాఖ వాళ్ళు ఒక్కసారి ఆలోచించుకోవాలి. మనకు సముద్రం ఉన్నది తూర్పు, ఆగ్నేయాల్లో. మధ్యాహ్నం నుంచి గాలి అటువైపు నుంచే వస్తుంది. పెదవాల్తేరులో మా ఇల్లు అలాగే ఉంది. ఆదివారం వంజరం చేప వేపుడు పెడితే ఆ వాసన హాలు, దేవుడి గది, మేడ మెట్లు అన్నీ చుట్టి పడమటి కిటికీలోంచి బయటికి పోతుంది. చిమ్నీ ఒక్కటే దాన్ని ఆపలేదు.

ఈశాన్యం

వాస్తులో వంటకు మొదటి చోటు ఆగ్నేయం. అక్కడ కుదరకపోతే వాయవ్యాన్ని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. మీ మామగారిని తొందరపెట్టకుండా ఆయన నమ్మే పెద్దమనిషినే ప్లాను గీయకముందు ఒకసారి ఆర్కిటెక్టుతో కూర్చోబెట్టండి. నేను చూసిన గొడవలన్నీ తర్వాత వచ్చినవే. పిల్లర్లు లేచాక ఎవరో చుట్టం వచ్చి "గుమ్మం రెండు అడుగులు జరపండి" అంటారు. అప్పటికి ఆ చోట బీము పడి ఉంటుంది.

మీ స్థలానికి ఒక మంచి ఉంది. తూర్పు పల్లంగా, పడమర ఎత్తుగా ఉండటం శాస్త్రానికి అనుకూలం. అలాంటి స్థలాన్ని గ్రావెల్ పోసి చదును చేయడం మామగారికే నచ్చదు. ఆ మాట ఆయన చెవిన వేయండి.

ఎర్రమట్టి

ఈశాన్యం గారి చివరి వాక్యం నా పేరా మొత్తం కంటే బాగా పనిచేస్తుంది.

మేస్త్రి గారబ్బాయి

పెందుర్తి నుంచి. మా నాన్న మేస్త్రి, నేను కాంట్రాక్టరును. ఇందాకటి నుంచి చదువుతున్నాను, పాపమంతా మాదే అన్నట్టుంది.

ఆర్కిటెక్టు డ్రాయింగుతో కట్టిన ఇళ్ళూ నావి ఉన్నాయి. ఒక దాంట్లో ఆర్కిటెక్టు డ్రాయింగులో కిటికీ ఉన్నచోట ఇంజినీరు డ్రాయింగులో కాలమ్ ఉంది. ఇద్దరికీ ఫోను చేస్తే ఇద్దరూ "రెండో ఆయన్ను అడుగు" అన్నారు. సైటులో కూలీలు కూర్చుని ఉన్నారు. ఆ రోజు కూలి ఎవరిస్తారు? ఇంకో ఇంట్లో, మన ఊళ్ళో దొరకని సైజు కిటికీలు గీశారు. చేయించేసరికి నెలలు పట్టింది, ఆలస్యానికి మాట పడింది నేను. ఫీజు తీసుకుని పునాది పూజ నాడు కనిపించి, మళ్ళీ గృహప్రవేశం భోజనాలకు వచ్చేవారిని కూడా చూశాను.

నేను డ్రాయింగు వద్దనడం లేదు. మంచి డ్రాయింగు ఉంటే నాకే లాభం. కడ్డీల పట్టిక చేతికిస్తే ఇనుము లెక్కలో ఇంటాయనతో తగువు ఉండదు. అడిగేది ఒక్కటే, గీసినాయన సైటుకు రావాలి.

గీతల పని

మేస్త్రి గారబ్బాయి చెప్పినదాంట్లో కాదనడానికి ఏమీ లేదు. అందుకే ఒప్పందంలో రాయించుకోవాలి. ఏ దశలో సైటుకు రావాలో పేర్లతో రాయండి. ముగ్గు పోసినప్పుడు, ఫుటింగ్ గోతులు తవ్వాక, ప్లింత్ బీముకు (నేలమట్టం బీము) ముందు, ప్రతి స్లాబుకు కడ్డీలు కట్టాక కాంక్రీటు పోయకముందు, ప్లాస్టరింగ్‌కు ముందు పైపులు వైర్లు వేశాక. స్ట్రక్చరల్ ఇంజినీరు ఫీజు ఇందులోనే ఉందా, వేరా అన్నది కూడా. కాలమ్, కిటికీ తగువు రాకుండా రెండు డ్రాయింగులను సరిచూసి సంతకం చేసే బాధ్యత ఎవరిదో రాస్తే ఫోను రెండో ఆయనకు తిరగదు.

ఫీజు పనితో పాటు నడవాలి. ప్లాను ఖరారుకు కొంత, అనుమతి డ్రాయింగులకు కొంత, వర్కింగ్ డ్రాయింగులకు పెద్ద భాగం, మిగిలింది కట్టుబడి సాగుతున్న కొద్దీ. గీతలకే మొత్తం చెల్లించేస్తే సైటుకు రమ్మని అడిగే పట్టు మీకు ఉండదు. ఇది మా వృత్తివాళ్ళకు నచ్చకపోవచ్చు.

ప్లానును ఎన్నిసార్లు మార్చి గీస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. ఖరారు చేశాక మారిస్తే అదనపు ఫీజు అడగడం న్యాయమే.

దూరపు కొడుకు

నేను దుబాయిలో ఉండి అమ్మానాన్నలకు సుజాతనగర్ వైపు ఇల్లు కట్టించాను. పైన రాసిన దశల జాబితాకు ఒకటి కలపండి. స్లాబు పోసే ముందు రోజు కడ్డీల మధ్య టేపు పెట్టి ఫొటోలు తీసి పంపాలి. మా ఆర్కిటెక్టు ఒకసారి అలా పంపిన ఫొటో చూసే బాల్కనీ స్లాబులో కడ్డీలు కిందికి వేశారని పట్టుకున్నారు. గోడ బయటికి వేలాడే స్లాబుకు ప్రధాన కడ్డీలు పైన ఉండాలట. అప్పటిదాకా నాకు తెలియదు. తెల్లారి కాంక్రీటు, రాత్రికి రాత్రి కడ్డీలు విప్పించి మళ్ళీ కట్టించారు. ఆయన ఫీజు నాకు ఆ ఒక్క రాత్రిలోనే గిట్టింది.

పన్ను రసీదు

అనుమతి విషయం ఎవరూ ఎత్తలేదు. మధురవాడ జీవీఎంసీ (మహా విశాఖ నగర పాలక సంస్థ) పరిధిలోకే వస్తుంది. ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. లేఅవుట్‌కు అనుమతి ఉందా, ఖాళీ స్థలం పన్ను కట్టి ఉందా ముందు చూసుకోండి. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీ, మన స్థలం కొలతను, రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది. 267 గజాలంటే 223 చదరపు మీటర్లు, నియమాల పట్టికలో ఆ వరుసలో చూడాలి. నిర్ణీత పరిమాణం దాటిన భవనాలకు కొంత విస్తీర్ణాన్ని తనఖా పెట్టించుకుని, ప్లాను ప్రకారం కట్టారని తేలాక విడుదల చేసే పద్ధతి ఆ నియమాల్లో ఉంది. మీకు వర్తిస్తుందో లేదో ఎల్‌టీపీని అడగండి. 2025లో స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చాక అనుమతి త్వరగానే వస్తోంది, కానీ తప్పు రాస్తే దాఖలు చేసినవారి మెడకు చుట్టుకుంటుంది. అందుకని మంచి ఎల్‌టీపీలు ఇప్పుడు "ప్లానులో ఒకటి, సైటులో ఒకటి" అనే పనికి ఒప్పుకోవడం లేదు.

తీరానికి దగ్గరగా కట్టేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, పోటు గీత (పోటు వేళ సముద్రం నీరు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల లోపు తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. స్థలం కొనకముందే చూసుకోండి.

కొమ్మాది కోడలు

కొత్త సంగతులు. సాయిల్ టెస్ట్ అయింది. ఎర్రమట్టి గారు చెప్పినట్టే ఉంది, రోడ్డు వైపు గట్టి నేల పైనే తగిలింది, వెనక మూల పోసిన మట్టి. ఆ నివేదిక పట్టుకుని ఇద్దరు ఆర్కిటెక్టులను కలిశాం.

మొదటాయన ఆఫీసులో పెద్ద తెర మీద చాలా ఇళ్ళు చూపించారు. మా స్థలం గురించి అడిగింది కొలతలు, బడ్జెటు, అంతే. రెండో ఆవిడ స్థలం చూడకుండా మాట్లాడనన్నారు. మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు, మే నెల ఎండ! వచ్చి నాలుగు మూలలా నిలబడ్డారు. రోడ్డు వైపు నుంచి ఎండ ఎంతసేపు కొడుతుందో చూశారు. రోడ్డులోని మ్యాన్‌హోల్ మూత తీయించి లోతు కొలిచారు. మా వారు గుసగుసగా "ఈవిడ ప్లంబరా?" అన్నారు.

దాని సంగతి తర్వాత అర్థమైంది. మాకు ముందు వచ్చిన ఆలోచన వెనక పల్లంలో కింద ఒక గది, బాత్రూము వేద్దామని. అక్కడ బాత్రూము వేస్తే ఆ నీరు ఎగువనున్న రోడ్డు లైనుకు ఎక్కదట, మోటారు పెట్టి తోడాలట. అందుకని బాత్రూములు, మెట్లు, స్టోరు అన్నీ పడమర వైపు పెట్టారు. పైపు దూరం తగ్గింది, సాయంత్రపు ఎండ పడకగదులకు నేరుగా తగలదు.

గ్రావెల్ లేదు. రోడ్డు మట్టం మీద నుంచే ఇల్లు మొదలవుతుంది. వెనక భాగం కాలమ్‌ల మీద నిలబడుతుంది, నేల కూడా స్లాబే. కింద ఖాళీలో ఈశాన్యం మూల సంపు, మోటారు, కొబ్బరికాయలు, పాత సామాను. అత్తగారు రోజూ తిరిగే గదులన్నీ ఒకే మట్టం, గేటు నుంచి గుమ్మం దాకా మెట్లకు బదులు వాలు. వంటిల్లు ఆగ్నేయంలోనే ఉంది, మామగారు నెగ్గారు. కానీ పొయ్యి ఉన్న భాగానికీ హాలుకూ మధ్య తలుపు పెట్టారు, హాలుకు తూర్పు నుంచి వేరే కిటికీ ఇచ్చారు. ఉప్పుగాలి గారి వంజరం కథ చెప్పింది నేనే.

ఆవిణ్ణే పెట్టుకున్నాం. టైల్స్ మామూలువే వేయిస్తాం అని మా వారు ఇక్కడ రాయమన్నారు.

రెండంతస్తుల మనిషి

మ్యాన్‌హోల్ కొలిచే ఆర్కిటెక్టు అయితే నాకూ అభ్యంతరం లేదు.

ఉప్పుగాలి

సంతోషం. ఇప్పుడు ఆవిడతో కూర్చున్నప్పుడు ఉప్పుగాలి సంగతి తప్పకుండా తేల్చుకోండి. సముద్రం కనిపించనంత దూరంలో ఉన్నామని ధీమా వద్దు. మా వీధిలో ఇరవై ఏళ్ళు కూడా నిండని స్లాబులు కింద పెచ్చులూడి తుప్పు కడ్డీలు కనిపిస్తున్నాయి. కారణం ఒకటే, కడ్డీకీ గాలికీ మధ్య కాంక్రీటు పొర పలచన.

కిటికీ గ్రిల్లులు, మేడ మీద రెయిలింగు స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 304 రకం మన గాలికి మచ్చలు పడుతుంది. బయటి వాటికి 316 అడగండి, ధర ఎక్కువే. జారుడు కిటికీలు గాలివానకు పనికిరావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా హాల్లోకి నీరు వచ్చింది అద్దాలు పగిలి కాదు, ఆ జారుడు పట్టాల సందుల్లోంచే. పొద్దున్నంతా ఒక దిక్కు నుంచి కొట్టింది, మధ్యాహ్నం కాసేపు ఆగింది, అయిపోయిందనుకుని తుడవడం మొదలుపెట్టాం. అప్పుడు ఎదురు దిక్కు నుంచి మొదలైంది. నాలుగు వైపులా కిటికీలు గట్టిగా బిగిసేవే ఉండాలి. రెక్కలు బయటికి తెరుచుకుని రబ్బరు అంచుతో మూసుకునేవి మేలు.

గీతల పని

ఆ పొర కొలతలు పుస్తకంలోనే ఉన్నాయి. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీర ప్రాంతపు ఉప్పుగాలి నుంచి మరుగున్న కాంక్రీటుకు కనీసం ఎం25 (ఇది కాంక్రీటు బలాన్ని చెప్పే తరగతి), కడ్డీ మీద 30 మిల్లీమీటర్ల పొర. తీర వాతావరణానికి నేరుగా తెరిచి ఉన్నదానికి ఎం30, 45 మిల్లీమీటర్లు. గాలికి విశాఖ ప్రాథమిక వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మేడ మీద షెడ్డు, ట్యాంకు, సోలార్ పలకల బిగింపు ఈ లెక్కకు చేయాలి. సోలార్ పెట్టే ఆలోచన ఉంటే స్లాబు పోయకముందే ఆధారాల చోటు గుర్తించండి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. తర్వాత డ్రిల్లు పెట్టి స్లాబు తొలిచితే కారే చోట్లు మనమే చేసుకున్నట్టు.

సిమెంటు స్లాగు (ఇనుము కరిగించే కొలిమిలో మిగిలే చిట్టెం పొడి) కలిపిన రకం అయితే ఉప్పుకు బాగా ఆగుతుంది. కాకపోతే నెమ్మదిగా గట్టిపడుతుంది, పది రోజులకు తక్కువ కాకుండా తడపాలి.

మేస్త్రి గారబ్బాయి

30 మిల్లీమీటర్లు అని కాగితం మీద రాస్తే సరిపోదండి. కడ్డీ కింద పెట్టే కవర్ బ్లాకు మీ కళ్ళతో చూడండి. చాలా సైట్లలో పగిలిన గ్రానైటు ముక్కో, కంకర రాయో దూరుస్తారు. కాంక్రీటు పోసేటప్పుడు పైన మనుషులు నడుస్తారు, ఆ ముక్క పక్కకు దొర్లుతుంది, కడ్డీ పోయి సెంట్రింగ్ రేకుకు అంటుకుంటుంది. సిమెంటు బ్లాకులు తీగతో కడ్డీకి కట్టి ఉండాలి. ముందు రోజు సాయంత్రం వెళ్ళి ఒకదాన్ని కాలితో తోసి చూడండి. కదిలితే మళ్ళీ కట్టించండి. నా సైటు అయినా సరే.

ఇంతకీ కోడలు గారూ, పని ఎవరికి ఇచ్చారు?

కొమ్మాది కోడలు

మొదటి కాంట్రాక్టరుకే. ఆర్కిటెక్టు గారి డ్రాయింగులు, సామాను పట్టిక చూశాక ఆయన రేటు కొంచెం పెంచారు, కానీ ఏ సిమెంటు, ఏ ఇనుము, కిటికీలు ఏ రకం అన్నీ ఒప్పందంలో రాసి ఇచ్చారు. ఇంతకుముందు "అన్నీ మంచివే వేస్తామమ్మా" అని మాత్రమే ఉండేది.

నిన్న స్థలంలో ముగ్గు పోసి గదులు గీయించారు. అత్తగారిని కుర్చీతో సహా తీసుకెళ్ళాం. ఆవిడ తన గది గీతల్లో కూర్చుని, "ఇక్కణ్ణుంచి గేటు కనిపించదు, ఎవరొచ్చారో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. మేం ఇన్నాళ్ళు మాట్లాడుకున్నవాటిలో ఆ ప్రశ్నే లేదు. ఆర్కిటెక్టు గారు అక్కడే కిటికీని రెండు అడుగులు ఉత్తరానికి జరిపి గీశారు. ముగ్గు కాబట్టి చెరిపి మళ్ళీ పోశారు, ఖర్చు లేదు.

ఇప్పుడు కొత్త తగువు. బోరు ఈశాన్యంలో వేయాలని మామగారు. నీళ్ళు చూసే ఆయన ఆగ్నేయం మూల చూపించారు. ఏం చేయాలి?

ఈశాన్యం

సంపు ఈశాన్యంలో ఉంది కదా, రోజూ వాడే నీరు అక్కడే నిలుస్తుంది. బోరు నీళ్ళు పడే చోటే వేయాలి, ఎండిన బోరు ఈశాన్యంలో ఉండి ఏం లాభం? మామగారితో నా మాటగా చెప్పండి. ఒప్పుకోకపోతే ఈశాన్యం మూల నుంచి తూర్పు సరిహద్దు వెంట కొంచెం జరిగి ఇంకో చోటు చూడమనండి, మధ్యే మార్గం దొరకవచ్చు.

ఎర్రమట్టి

ఎక్కడ వేసినా నీళ్ళు పడ్డ రోజే ఒక సీసా పరీక్షకు పంపండి. కడ్డీలున్న కాంక్రీటులో కలిపే నీటికి క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ఆ బోరు మొక్కలకే, కాంక్రీటుకు ట్యాంకరు తెప్పించుకోవాలి. తడపడానికి కూడా ఉప్పు నీరు వద్దని కాంట్రాక్టరు ఒప్పందంలో ఒక వాక్యం కలపండి, ఇంకా సంతకాలు కాకపోతే.

కొమ్మాది కోడలు

కాలేదు. శుక్రవారం పెట్టుకున్నాం. కలుపుతాను.